మామిడిపండ్లు, మీగడ : ఒక ఆంగ్ల వేసవి వంటకము

ఇంగ్లండులోని వేసవి మన వేసవివంటిది కాదు. మనకు రోహిణికార్తెలో ఱోళ్లు పగులు ఎండలు గడచి, తొలకరి చినుకులు పడు వేళకు అక్కడ వేసవి ఆరంభమగును. జూన్, జూలై మాసములలో అక్కడి తోటలలో స్ట్రాబెరీ పండ్లు ఎఱ్ఱబాఱును. పచ్చిక మేసిన ఆవులు ఆ దినములలోనే పాలు పుష్కలముగా ఇచ్చును. పండును, మీగడయు ఒకే కాలమున చేతికి వచ్చుటచేత ఆ రెంటిని కలిపి తినుట అక్కడ ఆచారమైనది. 1877లో ఆరంభమైన వింబుల్డన్ టెన్నిస్ పోటీలకు పోవువారు నేటికిని ఆటతోపాటు స్ట్రాబెరీలను, మీగడను కూడ ఆశించియే పోవుదురు.

ఈ వంటకములో ముఖ్యముగా మూడు భేదములు కలవు. మొదటిది అతి సులభము: పండ్లను కోసి, చక్కెర చల్లి, మీగడ పోసికొని తినుట. రెండవదానికి ‘ఫూల్’ అని పేరు. ఇందులో పండును గుజ్జుచేసి గిలకొట్టిన మీగడతో కలుపుదురు. ఆంగ్లమున ఈ మాటకు మూర్ఖుడు అని అర్థము. ఇటువంటిదే మఱియొక తీపిపదార్థమునకు ‘ట్రైఫిల్’, అనగా అల్పవస్తువు అని పేరు కలదు. రెండును వేళాకోళముగా పుట్టిన పేర్లని నిఘంటుకారుల ఊహ. 16వ శతాబ్దపు చివరనుండియు ఫూల్ అను పేరు ఆంగ్ల గ్రంథములలో కనబడుచున్నది. మూడవది ‘ఈటన్ మెస్’. ఈటన్ అనునది ఇంగ్లండులోని ప్రసిద్ధమైన పాఠశాల. దాని పేరు పెట్టుకొన్న ఈ వంటకములో స్ట్రాబెరీ ముక్కలు, మీగడ, గ్రుడ్డు తెల్లసొనతోను చక్కెరతోను కాల్చిన పెళుసైన బిళ్లల పలుకులు కలియును. మెత్తనిది, పుల్లనిది, కరకరలాడునది ఒకే చెంచాలో నోటికి అందుట దీని విశేషము.

లక్డీకాపూల్‌లోనో, నాంపల్లిలోనో నివసించు ఒక గృహస్థుడు ఈ వంటకమును గూర్చి చదివి, ఇంటిలో చేయదలచినాడనుకొందము. నెల జూన్. స్ట్రాబెరీలకై ఆబిడ్సు అంతయు తిరుగును. తాజా పండు దొరకదు. దొరకినను అధికమైన వెల పెట్టవలెను. కడకు మంచులో గడ్డకట్టిన పొట్లమొకటి కొనును. అట్టపెట్టెలోని మీగడయు తెచ్చును. ఎంతసేపు గిలకొట్టినను ఆ మీగడ పొంగదు. విసుగు పుట్టి, పొయ్యిమీదనుండి అప్పుడే దించిన పండ్లగుజ్జులో దానిని గుమ్మరించును. అది వెంటనే విఱిగి తరకలు కట్టును. ఇది దొరల వంట, మనకు అలవడదు అని ఇంటిలో ఎవరో ఒకరు తేల్చివేయుదురు. ధనమును, పాలును, ఆదివారపు సాయంకాలమును వ్యర్థమైనవి.

నిజమునకు ఈ గృహస్థునియందు నేర్పు లోపించలేదు. అతడు వంటకములోని వస్తువులను అనుసరించెను గాని వంటకములోని నియమమును అనుసరించలేదు. ఆ నియమము ఇది: ఏ ఋతువున ఏ పండు మీ ఊర విరివిగా పండునో ఆ పండును, ఆ దినములలో మీ ఇంట దొరకు మీగడతో, రెంటిని చల్లగా నుంచి కలుపవలెను. ఇంగ్లండులో జూన్ మాసమున ఆ పండు స్ట్రాబెరీ. హైదరాబాదులో మే మాసమున ఆ పండు మామిడి.

స్ట్రాబెరీ మనకు దొరకదని కాదు. మహారాష్ట్రములోని మహాబలేశ్వరపు కొండలలో పండు స్ట్రాబెరీలు చలికాలమున మన నగరమునకు వచ్చును. నాంపల్లి మైదానములో నుమాయిష్ నడచు జనవరి, ఫిబ్రవరి మాసములు వాటికి తగిన కాలము. కాబట్టి స్ట్రాబెరీతో చేసినచో ఈ ఆంగ్ల వేసవి వంటకము మనకు శీతకాలపు వంటకమగును. ఇందులో తప్పేమియు లేదు. పంచాంగము మాఱినను రుచి మాఱదు.

ఇంతకును స్ట్రాబెరీ ఇంగ్లండు సొత్తు కాదు. నేడు లోకమంతట తినుచున్న పెద్దపండు రెండు అమెరికా జాతుల సంకరము. 1714లో ఫ్రెజియే అను ఫ్రెంచి ఉద్యోగి దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునుండి కొన్ని మొక్కలను ఫ్రాన్సునకు తెచ్చెను. వాటికిని, ఉత్తర అమెరికానుండి అంతకుముందే వచ్చిన మఱియొక జాతికిని 18వ శతాబ్దమున ఐరోపా తోటలలో సంకరము జరిగి ఈ పండు పుట్టినది. ఆంగ్లేయులు పరదేశపు పండును తమ మీగడతో కలిపికొని, అది అనాదిగా తమదే అన్నంతగా అలవాటు చేసికొనిరి. మనమును అట్లే చేయవచ్చును.

భారతదేశమున నివసించిన ఆంగ్లేయులు ఈ నియమమును ఎఱిగి ప్రవర్తించిరి. వారి ఇండ్లలో ఫూల్ చేయుటకు గూస్‌బెరీ అను పుల్లని కాయ అలవాటు. అది ఇక్కడ దొరకలేదు. దానికి మాఱుగా పచ్చి మామిడికాయను ఉడికించి, గుజ్జు తీసి, చక్కెర కలిపి, పాలతోనో మీగడతోనో చేర్చిరి. ‘మ్యాంగో ఫూల్’ అను పేరుతో అది ఆంగ్లో ఇండియన్ కుటుంబములలో ప్రసిద్ధమైన వంటకమైనది. ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. గూస్‌బెరీని కొందఱు ఉసిరికాయ అని తెనిగించుచున్నారు. అది సరికాదు. మన ఉసిరిక చెట్టు, గూస్‌బెరీ ముండ్లపొద. పులుపు తప్ప ఆ రెంటికి వేఱు చుట్టరికము లేదు. ఉసిరికాయలోని వగరు మీగడతో పొసగదు. ఆంగ్ల పుస్తకమున గూస్‌బెరీ అని కనబడిన చోట పచ్చి మామిడికాయ అని చదువుకొనుట మేలు.

ఇక మన నగరపు సంప్రదాయము చూడుడు. హైదరాబాదు వివాహపు విందులలో వడ్డించు ఖుబానీ కా మీఠా ఎట్టిది? ఎండిన ఆప్రికాట్ పండ్లను రాత్రి నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో మెత్తగా ఉడికించి, చల్లార్చి, పైన మీగడ వేయుదురు. గింజను పగులగొట్టి లోని పప్పును అలంకారముగా చల్లుదురు. ఆంగ్లేయుడెవడైన దీనిని రుచి చూచినచో తన ఫూల్‌నకు దగ్గఱి చుట్టమని వెంటనే గుర్తించును. అట్లే 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు సంగతియు. అది చాలకాలము నగరమునకు పండ్లబజారు. టోకు పండ్ల వ్యాపారము అక్కడనుండి కొత్తపేటకును, 2021లో బాటసింగారమునకును తరలిపోయినది. కాని 2020లో బాగుచేయబడిన ఆ రాతికట్టడమునకు జనులు నేటికిని సీతాఫలపు ఐసుక్రీమునకై పోవుచున్నారు. సీతాఫలపు గుజ్జు, మీగడ, చలువ: ఇవియే కదా ఆంగ్ల వంటకమునకును మూలద్రవ్యములు. లక్డీకాపూల్ వాసులకు ఈ విద్య క్రొత్త కాదు. పేరు మాత్రమే క్రొత్త.

ఇప్పుడు మీగడను గూర్చి వివరముగా చెప్పవలెను. వంటకము చెడుటకు పది పాళ్లలో తొమ్మిది పాళ్లు మీగడయే కారణము.

ఇంగ్లండులో మీగడను పచ్చిపాలనుండి యంత్రముతో వేఱుచేయుదురు. అందులోని వెన్నపాలును బట్టి దానికి పేర్లు కలవు. నూటికి 18 పాళ్ల వెన్న గలది పలుచని మీగడ. 48 పాళ్లు గలది చిక్కని మీగడ. గిలకొట్టినప్పుడు మీగడ పొంగి నిలువవలెనన్నచో అందులో నూటికి సుమారు 30 పాళ్లయినను వెన్న యుండవలెను. మన బజారులో అట్టపెట్టెలలో అమ్ము సాధారణపు మీగడలో సుమారు 25 పాళ్లు మాత్రమే యుండును. కూరలలో వేయుటకు అది చక్కగా పనికివచ్చును గాని గిలకొట్టుటకు పనికిరాదు. మన గృహస్థుని శ్రమ ఫలించకపోవుటకు ఇదియే కారణము. గిలకొట్టుటకని ప్రత్యేకముగా అమ్ము మీగడయు దొరకుచున్నది. కొనునప్పుడు పెట్టెమీది వ్రాత చదువవలెను. వాటిలో కొన్ని పాలమీగడ కానేకావు. వంటనూనెల క్రొవ్వుతో చక్కెర చేర్చి చేసినవి.

కొనకయే మన ఇంట దొరకు మీగడ ఒకటి కలదు. గేదెపాలలో నూటికి 6 నుండి 8 పాళ్ల వరకు వెన్న యుండును. ఆవుపాలలో 4 పాళ్ల చుట్టు ఉండును. గేదెపాలను కాచి, మూత పెట్టక చల్లార్చి, రిఫ్రిజిరేటరులో ఒక రాత్రి యుంచినచో పైన దట్టమైన పొర కట్టును. ఇంగ్లండులో డెవన్, కార్న్‌వాల్ అను పశ్చిమ ప్రాంతములవారు పాలను వెడల్పు పాత్రలలో నెమ్మదిగా వేడిచేసి, చల్లార్చి, పైన కట్టిన చిక్కని మీగడను తీయుదురు. ఆ దేశమున అది ఎంతో మన్ననగల పదార్థము. మన ఇంటిమీగడ దానికి సోదరివంటిది. దినమునకు లీటరు గేదెపాలు కొను కుటుంబములో మూడు నాలుగు దినములలో ఒక గిన్నెడు మీగడ కూడును.

దీనిని కూడబెట్టుటలో రెండు జాగ్రత్తలు వలయును. వెన్న తీయుటకు మీగడ దాచునప్పుడు మనవారు అందులో కొంచెము తోడు వేయుదురు. ఈ వంటకమునకై దాచు మీగడలో తోడు చుక్కయైనను పడరాదు. రెండవది, నాలుగు దినములకు మించి దాచరాదు. వాసన మాఱిన మీగడ నేతికి పనికివచ్చును గాని పండ్లలో వేయుటకు తగదు.

మీగడ గిలకొట్టినప్పుడు ఏమి జరుగుచున్నదో తెలిసికొన్నచో చేయి తప్పదు. మన ఇండ్లలో కవ్వము పట్టని చేయి పూర్వము లేదు. మీగడలో వెన్న సన్నని కణములుగా చెదరియుండును. కవ్వము తిరుగునప్పుడు గాలి బుడగలుగా లోపల చేరును. మీగడ చల్లగా నున్నచో వెన్నకణములు కొంత గట్టిపడి, ఒకదానికొకటి పాక్షికముగా అంటుకొని, ఆ బుడగల చుట్టు గోడవలె నిలుచును. అదియే నురుగుకట్టిన మీగడ. ఇంకను త్రిప్పినచో కణములు పూర్తిగా కలిసికొని ముద్దయగును. అదియే వెన్న. అనగా నురుగుమీగడ యనునది వెన్న తీయు దారిలో ఒక మజిలీ. ఆ మజిలీలో ఆగుట తెలియవలెను. మన వేసవిలో గదివేడి 35 డిగ్రీలు దాటినప్పుడు వెన్న కరగి కణములు గోడ కట్టలేవు. కావున మీగడను, గిన్నెను, కవ్వమును కూడ ముందుగా రిఫ్రిజిరేటరులో రెండు గంటలుంచి, గిన్నెను ఐసునీటిలో నిలిపి గిలకొట్టవలెను.

కాచిన పాలనుండి తీసిన ఇంటిమీగడ కొన్న మీగడవలె ఎత్తుగా పొంగదు. అది నునుపై చిక్కబడును, అంతే చాలును. ఫూల్‌నకు పొంగుకన్న నునుపు ముఖ్యము. ఏమరుపాటున వెన్నయైపోయినను నష్టము లేదు. దానిని కరగించి నెయ్యి కాచుకొని, మఱునాడు మరల ప్రయత్నింపవచ్చును.

తరువాతి సంగతి విఱుగుట. పాలలో కేసీను అను మాంసకృత్తు కలదు. పులుపు ఎక్కువైనప్పుడు అది ముద్దకట్టును. వేడియు తోడైనచో ఇంకను త్వరగా ముద్దకట్టును. నిమ్మరసము పిండి పాలు విఱుగగొట్టునప్పుడు మనము ఈ రెంటిని కావలెనని చేయుదుము. పండ్ల వంటకములో ఈ రెంటిని కావలెనని తప్పించవలెను. చిక్కని మీగడలో వెన్న ఎక్కువ, కేసీను తక్కువ. కావున చల్లని మీగడ పండ్లపులుపును చాలవఱకు ఓర్చుకొనును, పాలు ఓర్చుకొనవు. దీనినిబట్టి మూడు సూత్రములు ఏర్పడుచున్నవి. గుజ్జు పూర్తిగా చల్లారవలెను. పాలు కాక మీగడయే వాడవలెను. వడ్డించుటకు కొంచెము ముందు మాత్రమే, చిలుకక, మెల్లగా కలుపవలెను.

పచ్చి అనాసపండును ఈ వంటకములో వేయరాదు. అందులోని ఒక పాచకద్రవ్యము పాలలోని మాంసకృత్తులను విడగొట్టి చేదు పుట్టించును. వేడివలన ఆ ద్రవ్యము నశించును. కావున అనాస ముక్కలను చక్కెరతో అయిదారు నిమిషములు ఉడికించి, పూర్తిగా చల్లార్చినచో నిర్భయముగా వాడవచ్చును.

ఇక చేయు విధానము. ఆఱుగురికి సరిపడునట్లు చెప్పుచున్నాను. బాగుగా పండిన పెద్ద బంగినపల్లి పండ్లు రెండు కావలెను. గుజ్జు సుమారు అరకిలో రావలెను. మీగడ 200 నుండి 250 గ్రాములు, మెత్తగా పొడిచేసిన చక్కెర రెండు మూడు పెద్దచెంచాలు, నిమ్మరసము ఒక చిన్నచెంచా, ఉప్పు చిటికెడు, ఉస్మానియా బిస్కత్తులు ఆఱు.

మామిడిపండ్లను రెండు గంటలు నీటిలో నానవేసి, తొడిమవద్ద కాఱు జిగురు పోవునట్లు కడుగవలెను. తొక్క తీసి కండ కోయవలెను. ఒక పండు కండను చిన్నముక్కలుగా కోసి వేఱుగా నుంచి, మిగిలినదంతయు గుజ్జుచేయవలెను. రసపు పండ్లయినచో పీచు ఎక్కువ గనుక గుజ్జును జల్లెడలో రుద్ది దించవలెను. బంగినపల్లికిని, హిమాయతునకును ఆ పని యక్కరలేదు. గుజ్జులో నిమ్మరసము, ఉప్పు కలిపి రుచి చూడవలెను. మన మామిడి కడు తీయనిది. తీపిమీద తీపి చేరినచో మీగడ వెగటు పుట్టించును. ఆంగ్ల వంటకమునకు స్ట్రాబెరీ ఇచ్చు పులుపును మనకు ఈ నిమ్మచుక్క ఇచ్చుచున్నది. ఇది కలిపిన తరువాతనే చక్కెర ఎంత వలయునో నిర్ణయింపవలెను. గుజ్జును, ముక్కలను రిఫ్రిజిరేటరులో పెట్టవలెను.

చల్లబడిన మీగడను ఐసునీటిలో నుంచిన గిన్నెలో గిలకొట్టవలెను. చెంచా ఎత్తినప్పుడు మీగడ జాఱిపోక మెత్తని కొనవలె నిలిచినచో అక్కడ ఆపవలెను. ఇంటిమీగడయైనచో తరకలు లేక నునుపుగా వచ్చిన వెంటనే ఆపవలెను. అందులో గుజ్జును మూడు విడతలుగా పోసి, పెద్ద చెంచాతో అడుగునుండి పైకి త్రిప్పుచు కలుపవలెను. పూర్తిగా ఒకే రంగు రానక్కరలేదు. తెలుపులో పసుపు చారలు కనబడుటయే దీని అందము. గాజుగ్లాసులలో అడుగున మామిడి ముక్కలు, వాటిపైన ఈ మిశ్రమము వేసి అరగంట చల్లగా నుంచవలెను.

వడ్డించునప్పుడు బిస్కత్తులను చేతితో ముక్కలు చేసి పైన చల్లవలెను. ఈటన్ మెస్‌లోని తెల్లసొన బిళ్లలకు ఇది మాఱు. ఉస్మానియా బిస్కత్తులోని కొంచెపు ఉప్పదనము మామిడితీపికి చక్కగా జోడగును. గ్రుడ్డు తినని ఇండ్లవారికి బిస్కత్తు అనుకూలము. కొనునప్పుడు అందులో గ్రుడ్డు లేదని అడిగి తెలిసికొనవలెను. బిస్కత్తును ముందే కలిపినచో నాని ముద్దయగును.

మీగడ చాలనివారు సగము మీగడ, సగము నీరు వడగట్టిన పెరుగు కలిపికొనవచ్చును. కమ్మని పెరుగును పలుచని బట్టలో మూటగట్టి, రిఫ్రిజిరేటరులో ఒక గిన్నెపైన నాలుగు గంటలు వ్రేలాడదీసినచో శ్రీఖండమునకు వాడునట్టి చిక్కని పెరుగు దిగును. అది వాడినప్పుడు నిమ్మరసము మానవలెను. వెన్న తగ్గుటచేత పెద్దవారి జీర్ణమునకును ఇది మేలు.

ఇదే వంటకమును సంవత్సరమంతయు ఋతువును బట్టి మార్చుకొనవచ్చును. ఉగాదికి పచ్చి మామిడికాయలు వచ్చును. తొక్క తీసిన ముక్కలను కొద్ది నీటితో మెత్తగా ఉడికించి, వేడిగా నున్నప్పుడే గుజ్జుకు సమానమైన తూకపు చక్కెర కలిపి, పూర్తిగా చల్లార్చి మీగడలో కలిపినచో అదియే పూర్వపు ఆంగ్లో ఇండియన్ మ్యాంగో ఫూల్. పులుపు అధికము గనుక ఇందులో మీగడ గుజ్జునకు సమానముగా నుండవలెను, పెరుగు పనికిరాదు.

ఆశ్వయుజ, కార్తిక మాసములలో సీతాఫలము. మన పాలమూరు ప్రాంతపు బాలానగరం పేరుతో ప్రసిద్ధమైన రకము కండ గలది. సీతమ్మవారి పేరు పెట్టుకొన్నను ఈ పండును స్ట్రాబెరీవలె అమెరికా ఖండమునుండి వచ్చినదే. దీని గుజ్జు చూచి ఆంగ్లేయులు దీనికి కస్టర్డ్ యాపిల్ అని పేరు పెట్టిరి. సీతాఫలమునకు రెండు నియమములు మఱువరాదు. గుజ్జును వేడిచేయరాదు, చేసినచో చేదగును. గింజలతో యంత్రములో వేయరాదు. గింజలోని పప్పు విషపూరితము. చేతితోనే గింజలు తీసి, చెంచాతో మెదిపి, చల్లని మీగడలో కలుపవలెను. చక్కెర దాదాపు అక్కరలేదు.

పుష్య, మాఘ మాసములలో స్ట్రాబెరీ. పండ్లను తొడిమతో కడిగి, ఆ తరువాత తొడిమ తీయవలెను. ముందే తీసినచో నీరు లోపలికి పోవును. ముక్కలపైన చక్కెర చల్లి అరగంట యుంచినచో పండు తనంతట ఎఱ్ఱని రసము విడుచును. ఆ రసముతో సహా మీగడలో కలిపి, బిస్కత్తు పలుకులు చల్లినచో అది మన ఈటన్ మెస్.

కడపట ఆరోగ్యమును గూర్చి కొన్ని మాటలు. ఇంగ్లండు వేసవిలో పచ్చికపైన కూర్చుండి తిను వంటకము ఇది. మన వేసవిలో ఆ ధైర్యము కూడదు. మీగడయు, పండును కలిసిన పదార్థము వేడిలో త్వరగా చెడును. చెడినట్లు వాసనవలన ఎల్లప్పుడు తెలియదు. రిఫ్రిజిరేటరునుండి తీసిన తరువాత గంటలోపల తినవలెను. విందులలో అందఱును కూర్చున్న తరువాతనే బయటకు తీయవలెను. మిగిలినది వెంటనే లోపల పెట్టి మఱునాటికి ముగింపవలెను. కాయని పాలమీగడ వాడరాదు. చల్లదనమునకై బజారు ఐసును వంటకములో కలుపరాదు. గిన్నె చుట్టు మాత్రమే పెట్టవలెను. మధుమేహము గలవారు కొలతకు లోబడి తినవలెను.

కార్బైడు వేసి పండించిన మామిడిపండ్ల అమ్మకమును చట్టము నిషేధించినది. అట్టి పండు పైకి పచ్చగా మెఱసినను లోపల పులిసి, రుచి లేక యుండును. దానితో ఎంత మంచి మీగడ కలిపినను ప్రయోజనము లేదు. ముదిరిన కాయలను కొని ఇంటిలో వరిగడ్డిపైన పఱచి మాగబెట్టుట మన పెద్దల పద్ధతి. గడ్డి దొరకని నగరవాసులు కాగితములో చుట్టి గంపలో పెట్టవచ్చును. తొడిమవద్ద కమ్మని వాసన వచ్చి, వ్రేలితో మెల్లగా నొక్కిన మెత్తగా తగిలినచో పండినదని గుర్తు.

బంగినపల్లి కాయలు తోపుడుబండ్లమీదికి వచ్చిన వారమున ముదిరినవి రెండు మూడు ఏఱి తెచ్చి మాగవేయవలెను. ఆ దినమునుండియే కాచిన పాలమీగడను తోడు వేయక మూతగిన్నెలో కూడబెట్టవలెను. కాయ పండుటకు నాలుగైదు దినములు పట్టును. గిన్నె నిండుటకును అన్నియే దినములు పట్టును. ఆ సాయంకాలమున రెండింటిని కలిపి ఇంటిల్లిపాదికిని వడ్డింపవచ్చును.